మాస్టర్స్ 2025: రోరీ గెలిచాడు. ఆ 13వ హోల్ గురించి మాట్లాడాలి

నయాకిలా_శ్రీను
14 ఏప్రిల్ 2025, ఉదయం 5:20

రాత్రంతా కన్ను మూయలేదు. చివరి జోడీ మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి 12కి మొదలుపెట్టింది, తేలేసరికి తెల్లారిపోవచ్చింది. అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి ఆఫీసు గొడవ లేదు.

నార్తర్న్ ఐర్లాండ్ గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్, అమెరికాలోని అగస్టాలో ఏటా జరిగే మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిచాడు. నాలుగు రోజులయ్యాక రోరీ, జస్టిన్ రోజ్ ఇద్దరూ 277 మీద, అంటే 11 అండర్ మీద నిలిచారు. సమానమైతే విజేతని తేల్చడానికి ఆడించే ప్లేఆఫ్‌లో మొదటి హోల్‌లోనే రోరీ బర్డీ కొట్టాడు, రోజ్‌కి పార్ వచ్చింది. ఆ పుట్ (గ్రీన్ మీద బంతిని కన్నంలోకి దొర్లించే షాట్) పడగానే రోరీ పుటర్ వదిలేసి మోకాళ్ళ మీద కూలబడి, తల నేలకి ఆనించి ఏడ్చాడు. ఆ వెక్కిళ్ళకి భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఇక్కడ సోఫాలో కూర్చున్న నాకూ కళ్ళు తడిశాయి.

నాలుగు మేజర్లూ, అంటే మాస్టర్స్, పీజీఏ, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ అనే పెద్ద టోర్నీలన్నీ గెలిచినవాళ్ళు పురుషుల గోల్ఫ్ చరిత్రలో ఇప్పుడు ఆరుగురు. సారాజెన్, హోగన్, ప్లేయర్, నిక్లాస్, టైగర్ వుడ్స్, ఇప్పుడు రోరీ. టైగర్ ఆ వరస పూర్తి చేసింది 2000లో. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడే.

కానీ నా బుర్రలో ఇంకా 13వ హోలే తిరుగుతోంది. నాలుగు షాట్ల ఆధిక్యంలో ఉన్న మనిషి, చేతిలో వెడ్జ్ (దగ్గరి షాట్లకి వాడే క్లబ్) పట్టుకుని, 100 గజాల లోపు నుంచి బంతిని నేరుగా వాగులో వేశాడు. నేను టీవీ ముందు లేచి నిలబడిపోయాను. ఇక్కడే ఆధిక్యం చేజార్చుకున్న 2011 మళ్ళీ వచ్చింది అనుకున్నాను. మీకెలా అనిపించింది?

—

బ్రైసన్_కిట్టు
14 ఏప్రిల్, ఉదయం 5:41

శ్రీను అన్నా, నేను రోరీతో చివరి జోడీలో ఆడిన బ్రైసన్ డిషాంబో మనిషినని నీకు తెలుసు. రెండో హోల్ అయ్యేసరికి మావాడే ముందున్నాడు. రోరీ మొదటి హోల్‌లో డబుల్ బోగీ చేశాడు, రెండో హోల్‌లో బ్రైసన్ బర్డీ కొట్టాడు. అప్పుడు పండగే అనుకున్నాను. తర్వాత 3లో, 4లో రోరీకి బర్డీలు, బ్రైసన్‌కి బోగీలు. పావుగంటలో తారుమారైపోయింది. 11లో నీళ్ళలో పడేసరికి టీవీ సౌండ్ తగ్గించేశాను. చివరికి 75 కొట్టాడు.

రోరీ గెలుపు నాకు సంతోషమే. కానీ ఒక మాట సూటిగా అడుగుతాను. ఆఖరి రోజు 73 కొట్టి గెలవడం గొప్ప ఎలా అవుతుంది? అదే రోజు రోజ్ 66 కొట్టాడు, పది బర్డీలు చేశాడు. ఏడు షాట్లు వెనకబడి మొదలుపెట్టి అందుకున్నాడు. ఎవరు బాగా ఆడినట్టు?

—

గంటస్తంభం_రఘు
14 ఏప్రిల్, ఉదయం 7:10

నేను క్రికెట్ మనిషిని, విజయనగరం. రాత్రి ఐపీఎల్ అయ్యాక చానెల్ మారుస్తుంటే ఇది తగిలింది, వదల్లేకపోయాను. ఆటేమిటో సగం అర్థం కాలేదు. అయినా గుండె దడదడలాడింది. 11 అండర్ అంటే ఏమిటో ఎవరైనా కాస్త చెప్పండి. ఆ ఆకుపచ్చ కోటు సంగతి కూడా.

—

మేజర్_మూర్తి
14 ఏప్రిల్, ఉదయం 7:48

రఘూ, స్వాగతం. ముప్ఫై ఏళ్ళకు పైగా కంటోన్మెంటు మైదానాల్లో ఆడినవాణ్ణి, నాకు తెలిసినంత చెప్తాను.

రోజుకి 18 హోల్స్. ఒక్కో హోల్‌ని మంచి ఆటగాడు ఇన్ని షాట్లలో ముగించాలి అని ఒక లెక్క ఉంటుంది, అదే పార్. అగస్టాలో మొత్తం పార్ 72. నాలుగు రోజులకి 288. రోరీ, రోజ్ ఇద్దరూ 277లో ముగించారు కాబట్టి 11 అండర్. పార్ కన్నా ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. మొదటి రెండు రోజులయ్యాక వెనకబడినవాళ్ళని ఇంటికి పంపేస్తారు, దాన్ని కట్ అంటారు. ఈసారి కట్ 2 ఓవర్ దగ్గర పడింది. 67 ఏళ్ళ బెర్న్‌హార్డ్ లాంగర్, రెండుసార్లు ఈ టోర్నీ గెలిచిన పెద్దాయన, తన ఆఖరి మాస్టర్స్‌లో ఒక్క షాట్ తేడాతో కట్ తప్పాడు. అది చూసి నాకు అన్నం సహించలేదు.

ఇక కోటు. గెలిచినవాడికి ముందటి ఏడాది విజేత తొడుగుతాడు. ఈసారి స్కాటీ షెఫ్లర్ తొడిగాడు.

కిట్టూ, నీ ప్రశ్నకి రాత్రికి జవాబిస్తాను. అది ఒక ముక్కలో తేలేది కాదు.

—

కట్_లైన్
14 ఏప్రిల్, ఉదయం 8:30

లెక్కలు ఒకచోట పెడుతున్నాను, మాట్లాడుకోవడానికి పనికొస్తాయి.

రోరీ 72, 66, 66, 73. రోజ్ 65, 71, 75, 66. మూడో స్థానం ప్యాట్రిక్ రీడ్, 9 అండర్. ఆఖరి రోజు 17లో ఫెయిర్‌వే (గ్రీన్ దాకా ఉండే కత్తిరించిన గడ్డి దారి) మీంచి నేరుగా కన్నంలో వేసి ఈగిల్ కొట్టాడు. నాలుగో స్థానం షెఫ్లర్, 8 అండర్. బ్రైసన్, కొరియా కుర్రాడు సుంగ్‌జే ఇమ్ చెరి 7 అండర్. స్వీడన్ లుడ్విగ్ ఓబర్గ్ 6 అండర్‌తో ఏడోవాడు. విజేతకి 42 లక్షల డాలర్లు, మన డబ్బులో 36 కోట్ల పైమాటే.

ఇప్పుడు అసలు లెక్క. ఈ నాలుగు రోజుల్లో రోరీ చేసిన డబుల్ బోగీలు నాలుగు. గురువారం 15లో, 17లో. ఆదివారం 1లో, 13లో. నాలుగు డబుల్ బోగీలు చేసి మాస్టర్స్ గెలిచినవాడు ఇంతకుముందు ఎవరూ లేరు. మరోవైపు శనివారం మొదటి ఆరు హోల్స్‌లో వరసగా 3, 3, 3, 3, 3, 3. అలా మొదలుపెట్టినవాడు కూడా మాస్టర్స్ చరిత్రలో ఎవరూ లేరు. రెండూ ఒకే మనిషి, ఒకే వారం.

—

బెల్‌ఫాస్ట్_హరి
14 ఏప్రిల్, మధ్యాహ్నం 1:15

నేను ఉండేది బెల్‌ఫాస్ట్‌లో. రోరీ పుట్టి పెరిగిన హాలీవుడ్ ఇక్కడికి కారులో పావుగంట. పేరు చూసి సినిమా ఊరనుకోకండి, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఇక్కడ అర్ధరాత్రి దాటి పావుగంటకి తేలింది. మా వీధిలో ఆ టైమ్‌కి ప్రతి ఇంట్లో దీపం వెలుగుతోంది. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళైంది, ఆదివారం రాత్రి అలా ఎప్పుడూ చూడలేదు. రోరీ 18లో ఆ చిన్న పుట్ తప్పినప్పుడు పక్కింటి పెద్దాయన తలుపు తీసుకుని బయటికొచ్చి, చలిలో గేటు పట్టుకుని నిలబడ్డాడు. లోపల కూర్చోలేకపోతున్నానన్నాడు. ప్లేఆఫ్ మొత్తం నేను కిటికీలోంచి ఆయనకి చెప్తూనే ఉన్నాను.

ఇక్కడివాళ్ళకి రోరీ అంటే వాళ్ళ అమ్మానాన్నలు ముందు గుర్తొస్తారు. వాళ్ళ నాన్న పొద్దున క్లబ్బుల్లో ఊడ్చి తుడిచే పని, సాయంత్రం బార్‌లో పని చేసేవాడు. అమ్మ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఉన్నది ఒక్కడే కొడుకు, వాడి ఆట కోసం ఏళ్ళ తరబడి ఇద్దరూ ఎదురెదురు షిఫ్టుల్లో బతికారు. తొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడి టీవీ షోలో రోరీ వాషింగ్ మెషీన్‌లోకి బంతులు కొట్టాడు, ఆ క్లిప్ నిన్నటి నుంచి అందరి ఫోన్లలో తిరుగుతోంది. మనవైపు పిల్లాడి కోచింగ్ ఫీజు కోసం ఓవర్‌టైమ్ చేసే తల్లిదండ్రులు ఎంతమంది లేరు!

రోరీ క్లబ్బులు మోస్తూ సలహాలిచ్చే క్యాడీ హ్యారీ డైమండ్ కూడా ఇక్కడివాడే, చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుణ్ణి పెట్టుకున్నాడు కాబట్టే మేజర్లు రావట్లేదని ఏళ్ళుగా అన్నారు. 18లో పుట్ తప్పి ప్లేఆఫ్‌కి వెళ్తున్నప్పుడు హ్యారీ చెప్పింది ఒక్కటే: సోమవారం పొద్దున ఎవరైనా నీకు ఈ ప్లేఆఫ్ ఇస్తామంటే కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళం కదా అని. ఆ మాటతోనే కుదుటపడ్డానని రోరీ తర్వాత ప్రెస్ ముందు చెప్పాడు. వేరే క్యాడీ అయితే గాలి, దూరం చెప్పేవాడేమో. స్నేహితుడు కాబట్టి ఆ మాట తోచింది.

—

అట్లాంటా_మాధవి
14 ఏప్రిల్, సాయంత్రం 6:40

హరి గారూ, గేటు పట్టుకున్న పెద్దాయన గురించి చదివి ఒళ్ళు పులకరించింది.

నేను బుధవారం అగస్టాలోనే ఉన్నాను! ఎన్నో ఏళ్ళుగా లాటరీకి అప్లై చేస్తూనే ఉన్నాం, ఈసారి ప్రాక్టీస్ రోజు టికెట్లు రెండు తగిలాయి. అట్లాంటా నుంచి రెండున్నర గంటల డ్రైవ్. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, కార్లోనే వదిలేయాలి. ఇంటికి ఫోన్ చేయాలంటే అక్కడక్కడా వాళ్ళు పెట్టిన ఫోన్లు ఉంటాయి, డబ్బులక్కర్లేదు. లైన్లో నిలబడి మా ఆయనకి చేశాను, పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చారా అని. చేతిలో ఫోన్ లేకపోవడం వల్ల అందరూ ఆట చూస్తున్నారు, పక్కవాళ్ళతో మాట్లాడుతున్నారు. మొదటి గంట చెయ్యి మాటిమాటికీ బ్యాగ్‌లోకి వెళ్ళింది, తర్వాత మర్చిపోయాను. శాండ్‌విచ్ ఒకటిన్నర డాలర్. అమెరికాలో ఏ స్టేడియంలో ఆ డబ్బుకి మంచినీళ్ళ సీసా వస్తుంది?

టీవీలో తెలియనిది ఒకటి చెప్పాలి. అక్కడి ఎత్తుపల్లాలు! 18వ హోల్ టీవీలో మామూలుగా కనిపిస్తుంది. నడిస్తే తెలుస్తుంది, కొండెక్కినట్టు ఆయాసం వచ్చింది. గ్రీన్లు, అంటే కన్నం చుట్టూ ఉండే నున్నటి గడ్డి, పళ్ళెం బోర్లించినట్టు ఉంటాయి, బంతి ఆగినట్టే ఆగి మళ్ళీ జారుతుంది. మొన్న సెప్టెంబర్లో హెలీన్ తుఫాను చాలా చెట్లు పడగొట్టింది, అలవాటున్నవాళ్ళు ఇక్కడ చెట్టుండేది, అక్కడ చెట్టుండేది అని చూపిస్తున్నారు.

సాయంత్రం పార్-3 పోటీ, చిన్న హోల్స్ మీద సరదాగా ఆడేది. ఆటగాళ్ళ పిల్లలు తెల్ల బట్టలేసుకుని క్యాడీల్లా తిరుగుతారు. రోరీ కూతురు పాపీకి నాలుగేళ్ళు. తొమ్మిదో గ్రీన్ మీద చిన్న పుటర్ రెండు చేతులతో పట్టుకుని ఒక్కటి తట్టింది. పాతిక అడుగులుంటుంది. బంతి మెల్లగా, మెల్లగా వాలు దిగుతూ, ఒంపు తిరిగి, కన్నం అంచుదాకా వచ్చి ఒక్క క్షణం తటపటాయించి లోపల పడింది. జనం అరుపుకి ఆ పిల్ల బెదిరి వాళ్ళ నాన్న వైపు చూసింది. నేను పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడ్ని కౌగిలించుకున్నాను. ఆదివారం రాత్రి కోటు వేసుకున్నాక రోరీ ఆ పాపతోనే మాట్లాడాడు, కలల్ని వదిలెయ్యొద్దని. నాకు బుధవారం నాటి పుట్ కళ్ళ ముందుకొచ్చింది.

—

మేజర్_మూర్తి
14 ఏప్రిల్, రాత్రి 9:05

మాధవమ్మా, బాగా రాశావు. ఆ 18 ఎత్తు గురించి టీవీ వాళ్ళు కూడా ఇంత బాగా చెప్పలేదు.

ఇప్పుడు 13 సంగతి. అది 545 గజాల పార్-5. ఎడమకి ఒంపు తిరుగుతుంది, గ్రీన్ ముందు రేస్ క్రీక్ పాయ పారుతుంది. ధైర్యం చేసి రెండో షాట్‌లోనే గ్రీన్ ఎక్కొచ్చు, లేదా వాగు ఇవతల ఆపుకుని మూడో షాట్ వెడ్జ్‌తో కొట్టొచ్చు. రోరీ రెండోది ఎంచుకున్నాడు. నాలుగు షాట్లు ముందున్నవాడు చేయాల్సిన పని అదే. పొద్దున్నుంచి ఎవరెవరో భయపడి లేఅప్ చేశాడంటున్నారు. లేఅప్ తప్పు కాదు. తప్పు ఆ తర్వాతి షాట్‌ది. జెండాకి ఎడమన బోలెడు గ్రీన్ ఉంది. పది బంతులిస్తే పదీ అక్కడ పడేసే మనిషి. బంతి కుడికి జారి వాగు గట్టున పడి లోపలికి దొర్లింది. అది చెయ్యి చేసిన తప్పు, బుర్ర చేసింది కాదు.

కిట్టూ, నీ ప్రశ్న ఇక్కడే ఉంది. రోజ్ 66 అద్భుతం, కాదనేవాడెవడు? 17లో బోగీ చేసి కూడా 18లో 20 అడుగుల నుంచి బర్డీ వేశాడు, అదీ గుండె. కానీ రోజ్‌కి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, ఏడు షాట్లు వెనకనుంచి వచ్చాడు. రోరీ భుజం మీద పద్నాలుగేళ్ళున్నాయి. 13 తర్వాత 14లో బోగీ. ఆధిక్యం కరిగిపోయింది. 15లో రెండో షాట్‌కి 200 గజాలకు పైగా ఉంది, ముందు చెరువు, ఎదురుగా చెట్లు. నేరుగా దారి లేదు, బంతిని కుడి నుంచి ఎడమకి కొడవలిలా తిప్పాలి. 7 ఐరన్ అనే క్లబ్‌తో తిప్పాడు. ఆరడుగుల్లో ఆగింది.

వెడ్జ్‌తో వాగులో వేసినవాడు, రెండు హోల్స్ దాటకుండా, అదే చేతులతో ఆ షాట్ ఎలా కొట్టాడు? పొద్దున్నుంచి నేను ఆలోచిస్తున్నది అదే. తప్పు చేయనివాడు గెలవడం చాలాసార్లు చూశాను. చేసిన తప్పుని అక్కడే దించేసి నడిచినవాణ్ణి ఇంత దగ్గరగా చూడలేదు. 73 అయితే ఏమిటి, నాకు ఆ 73 చాలా పెద్దది.

—

బ్రైసన్_కిట్టు
14 ఏప్రిల్, రాత్రి 9:32

మూర్తి గారూ, 15 షాట్ విషయంలో ఒప్పుకుంటున్నాను, దండం పెట్టాలి. కానీ ఆరడుగుల ఈగిల్ పుట్ తప్పాడు కదా. 18లో 125 గజాల నుంచి బంకర్‌లో, అంటే ఇసుక గుంతలో వేశాడు. బంకర్‌లోంచి బాగానే తీశాడు, గెలవడానికి ఐదడుగుల పుట్ మిగిలింది, అదీ తప్పాడు. ఇన్నిసార్లు తప్పినవాడు గెలిచాడంటే అదృష్టం కూడా ఉందనే అంటాను. 11లో బంతి చెరువు అంచున ఆగింది, ఇంకాస్త దొర్లితే ఇవాళ మనం వేరే కథ మాట్లాడుకునేవాళ్ళం.

—

నయాకిలా_శ్రీను
14 ఏప్రిల్, రాత్రి 10:20

కిట్టూ, అదృష్టం లేదని ఎవరూ అనరు. కానీ పోయిన జూన్ గుర్తు తెచ్చుకో. పైన్‌హర్స్ట్ యూఎస్ ఓపెన్‌లో చివరి మూడు హోల్స్‌లో రెండు చిన్న పుట్లు తప్పాడు, ఒకటి మూడడుగులు కూడా లేదు. మీ బ్రైసన్ బంకర్‌లోంచి 55 గజాల షాట్ కొట్టి ఒక్క షాట్ తేడాతో కప్పు పట్టుకెళ్ళాడు. రోరీ ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. అదృష్టం అప్పుడు ఎటుంది?

ఇంకా వెనక్కి వెళ్తే 2011, ఇదే అగస్టా. 21 ఏళ్ళ కుర్రాడు, నాలుగు షాట్ల ఆధిక్యంతో ఆదివారం మొదలుపెట్టి, 10వ హోల్‌లో బంతిని ఎడమవైపు కాటేజీల మధ్య పడేసి ట్రిపుల్ బోగీ చేశాడు. ఆ రోజు 80 కొట్టాడు. షార్ట్‌జెల్ చివరి నాలుగు హోల్స్ బర్డీలు కొట్టి గెలిచాడు. ఆ రోజు రోరీతో కలిసి ఆడిన ఆంజెల్ కబ్రేరా, ఈ ఆదివారం పొద్దున రోరీ లాకర్‌లో మంచి జరగాలని చీటీ పెట్టాడట. అది విన్నప్పుడు నాకు మాట రాలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను గోల్కొండలో నయాకిలా లోపలున్న కోర్సులో వారాంతాల్లో ఆడతాను. పాత కోట గోడలు, ఆ పెద్ద హాతియాన్ చెట్టు, మధ్యలో ఆట. నిరుడు క్లబ్ పోటీలో మూడు హోల్స్ మిగిలుండగా నేనే ముందున్నాను. ఒక పార్-3లో నీళ్ళలో వేశాను. తర్వాతి హోల్ మొదటి షాట్ కొట్టే చోట నిలబడ్డప్పుడు నా తలలో ఇంకా ఆ నీళ్ళ చప్పుడే. గ్రిప్ ఎంత గట్టిగా పట్టుకున్నానంటే బొటనవేలు తెల్లబడింది. డ్రైవ్ ముళ్ళ పొదల్లోకి పోయింది. ఆ తర్వాతదీ అంతే. చివరికి తొమ్మిదోవాడినయ్యాను. చూసింది ఓ ఇరవై మంది, గెలిస్తే వచ్చేది ఒక చిన్న కప్పు. దానికే నా చేతులు అలా అయ్యాయి. అందుకే రోరీ 14 నుంచి 15కి నడిచి వెళ్తుంటే నేను బంతి వైపు చూడలేదు, ఆ చేతుల వైపే చూశాను. వదులుగా ఉన్నాయి.

—

గంటస్తంభం_రఘు
14 ఏప్రిల్, రాత్రి 10:51

శ్రీను గారూ, ఇది బౌలర్‌కి బాగా తెలుసు. ఒక బంతికి సిక్స్ పడ్డాక తర్వాతి బంతి ఎక్కడ వేస్తాడన్నదే అసలు పరీక్ష. ఇప్పుడు అర్థమైంది నాకు రాత్రి గుండె ఎందుకు కొట్టుకుందో. ప్లేఆఫ్‌లో ఏం జరిగిందో కూడా కాస్త చెప్పరూ? సరిగ్గా అప్పుడే మా ఇంట్లో కరెంటు పోయింది.

—

కట్_లైన్
14 ఏప్రిల్, రాత్రి 11:14

అయ్యో రఘు గారూ, ఆ టైమ్‌కే పోవాలా.

మళ్ళీ 18వ హోలే ఆడించారు. ఇద్దరి డ్రైవులూ ఫెయిర్‌వేలో పడ్డాయి. రోజ్ ముందు కొట్టాడు, జెండాకి 15 అడుగుల దూరంలో ఆపాడు, చక్కటి షాట్. రోరీ అరగంట కిందట బంకర్‌లో వేసిన చోటికి దాదాపు దగ్గర్లోనే నిలబడ్డాడు, దూరం కూడా ఇంచుమించు అంతే. మళ్ళీ వెడ్జే. ఈసారి బంతి జెండా దాటి పడి, వాలు మీంచి వెనక్కి జారుతూ వచ్చి మూడు నాలుగు అడుగుల్లో ఆగింది. రోజ్ పుట్ పక్కనుంచి పోయింది. రోరీది పడింది.

రోజ్ గురించి కూడా రాయాలి. 44 ఏళ్ళు. 2013 యూఎస్ ఓపెన్, 2016 ఒలింపిక్ స్వర్ణం ఉన్నాయి. మాస్టర్స్‌లో మొదటి రోజు ఆధిక్యంలో నిలవడం ఇది ఐదోసారి, అన్నిసార్లు ఇంకెవరూ లేరు. 2017లోనూ ఇక్కడే ప్లేఆఫ్‌లో గార్సియా చేతిలో ఓడాడు. రెండు ప్లేఆఫ్‌లూ పోయినా, ఓడిన క్షణంలో రోరీని దగ్గరికి తీసుకున్న తీరు చూడండి. ఆ మనిషికి ఒక్క కోటైనా రావాలి.

—

అట్లాంటా_మాధవి
15 ఏప్రిల్, ఉదయం 6:02

రోజ్ విషయంలో కట్_లైన్ గారి మాటే నా మాట.

ఒక్క పేరు ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. మన సాహిత్ తీగల! వాళ్ళ నాన్నగారు హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చినవారు. సాహిత్ పుట్టింది, పెరిగింది కాలిఫోర్నియాలో. 2023లో మొదటిసారి మాస్టర్స్ ఆడి ఏకంగా తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. ఆ ఆదివారం 16లో గ్రీన్ బయటినుంచి కొట్టిన చిప్ (బంతిని కాస్త లేపి కొట్టే చిన్న షాట్) గుర్తుందా? వాలు మీద వంకర తిరిగి కన్నంలోకి వెళ్ళింది. మా ఇంట్లో అరుపులకి పైఅంతస్తు నుంచి మా అత్తయ్యగారు పరిగెత్తుకొచ్చారు, ఏమైందో అని. అదే ఏడాది సెప్టెంబర్లో నాపాలో ఫోర్టినెట్ టోర్నీ గెలిచాడు, అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరస పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్.

తప్పుల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇది చెప్పాలి. నిరుడు అట్లాంటాలోనే, ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్. మూడో రోజు బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తున్నప్పుడు ఇసుకకి తగిలిందని సాహిత్‌కి అనిపించింది. ఎవరూ చూడలేదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు, రెండు షాట్ల జరిమానా పడింది. చివరికి మూడోవాడిగా ముగించాడు. ఆ రెండు షాట్ల ఖరీదు లక్షల డాలర్లలో ఉంటుంది. అడిగితే, చెప్పకపోతే తనకే మనసు ఒప్పేది కాదన్నట్టు మాట్లాడాడు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, నేను వాడికి చెప్పేది ఆ రోజు గురించే.

—

బెల్‌ఫాస్ట్_హరి
15 ఏప్రిల్, మధ్యాహ్నం 2:30

మాధవి గారూ, సాహిత్ పేరు ఎత్తినందుకు థాంక్స్. ఇక్కడ ఆస్పత్రిలో నాతో పనిచేసేవాళ్ళకి రోరీ ఉన్నాడు, మనకి సాహిత్ ఉన్నాడని నేను గట్టిగానే చెప్తుంటాను.

పక్కింటి పెద్దాయన ఈ పొద్దున నన్ను ఆపి ఒక సంగతి చెప్పాడు. 2004లో రోరీ నాన్న, తన కొడుకు 26 ఏళ్ళ లోపు బ్రిటిష్ ఓపెన్ గెలుస్తాడని 200 పౌండ్లు పందెం కట్టాడు, ఒకటికి 500. రోరీకి అప్పుడు పదిహేనేళ్ళు. 2014లో హోయ్‌లేక్‌లో గెలిచాడు, నాన్నకి లక్ష పౌండ్లు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో పీజీఏ కూడా గెలిచాడు. ఇంక మాస్టర్స్ ఒక్కటే మిగిలింది, రేపో మాపో అనుకున్నారట ఊరంతా. రేపు అనుకున్నది పదకొండో ప్రయత్నానికి వచ్చింది. ఈ పదేళ్ళలో ప్రతి ఏప్రిల్‌లో ఆయన ఆ చలిలో ఆ గేటు పట్టుకునే నిలబడ్డాడట. వాళ్ళావిడ నవ్వుతూ చెప్పింది.

—

బ్రైసన్_కిట్టు
15 ఏప్రిల్, రాత్రి 8:17

సరే, రాత్రి కూర్చుని ఆఖరి రౌండ్ మొత్తం మళ్ళీ చూశాను. స్కోరు చూడకుండా, రోరీ షాట్లు మాత్రమే. 7లో చెట్ల సందులోంచి తీసిన షాట్, 9లో, 10లో బర్డీలు, 15, తర్వాత 17. 17లో 8 ఐరన్ కొట్టగానే బంతి వెనకే నడుస్తూ 'వెళ్ళు, వెళ్ళు' అని అరిచాడు, అది వెళ్ళి రెండు మూడు అడుగుల్లో కూర్చుంది. లైవ్‌లో నేను బ్రైసన్‌నే చూస్తూ వీటిని సగం వదిలేశాను.

మూర్తి గారూ, నేను మొదట అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. అదృష్టం మాట మాత్రం తీసుకోను! 11లో ఆ గడ్డి ఆపింది.

వచ్చే నెల 15 నుంచి క్వెయిల్ హాలోలో పీజీఏ. రోరీ అక్కడ నాలుగుసార్లు గెలిచాడు. బ్రైసన్ కూడా ఊరుకోడు. అప్పుడు మళ్ళీ ఇక్కడే కలుద్దాం.

—

మేజర్_మూర్తి
15 ఏప్రిల్, రాత్రి 8:55

11లో గడ్డి ఆపింది, నిజమే. గురువారం 15లో ఆపలేదు, గ్రీన్ వెనకనుంచి చిప్ చేస్తే బంతి గ్రీన్ దాటి చెరువులోకి పోయింది. ఆ వారం గడ్డి ఒకసారి ఇచ్చింది, ఒకసారి తీసుకుంది. ఇక నీతో వాదం లేదు, కిట్టూ.

—

గంటస్తంభం_రఘు
16 ఏప్రిల్, ఉదయం 7:22

మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఆదివారం పని మీద విశాఖ వెళ్తున్నాను. అక్కడ ఈస్ట్ పాయింట్ క్లబ్ ఉందని విన్నాను. మొదటిసారి వెళ్ళేవాడు ఏం పట్టుకెళ్ళాలి? పద్నాలుగు క్లబ్బులు అంటున్నారు, అన్ని కొనే స్తోమత లేదు.

—

మేజర్_మూర్తి
16 ఏప్రిల్, ఉదయం 7:40

ఏమీ కొనకు నాయనా. ముందు క్లబ్‌కి ఫోన్ చేసి, కొత్తవాళ్ళని ప్రాక్టీస్‌కి రానిస్తారో లేదో, క్లబ్బులు అద్దెకిస్తారో లేదో కనుక్కో. మంచి బూట్లు వేసుకుని, ఎండ ముదరకముందే ఆరింటికల్లా వెళ్ళు. 7 ఐరన్ ఒక్కటి అడుగు. ఒక బుట్ట బంతులు కొట్టు. మొదటి ఇరవై నేల మీదే దొర్లుతాయి, పట్టించుకోకు. గ్రిప్ మాత్రం గట్టిగా పట్టుకోకు.

—

గంటస్తంభం_రఘు
20 ఏప్రిల్, ఉదయం 9:05

కొట్టాను మూర్తి గారూ. యాభై బంతులు. ఒక్కటి గాల్లోకి లేచింది.